మిల్లు గేటు దాకా వెళ్లిన పత్రికలవాళ్లు

2025 ఆగస్టులో 13 రోజుల పాటు చెన్నై కార్పొరేషన్ ఆఫీసైన రిప్పన్ బిల్డింగ్ ముందు పారిశుధ్య కార్మికులు కూర్చున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్లలో తమ పనిని ప్రైవేటు కంపెనీకి ఇవ్వొద్దని, తమ ఉద్యోగాలు పర్మినెంట్ చేయమని అడిగారు. 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వాళ్లను అక్కడి నుంచి లేపి బస్సుల్లో ఎక్కించారు. చెన్నై పారిశుధ్య కార్మికుల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. తాతముత్తాతల కాలంలో ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి ఈ నగరాన్ని శుభ్రంగా ఉంచుతున్నవాళ్లు వీళ్లు.

రాజకీయాలు మాట్లాడే తెలుగువాళ్లకు ఈ నగరంలో కొదవ లేదు. షోళింగనల్లూరు ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదింటికి లైవ్ పెట్టే కుర్రాళ్లు ఉన్నారు. అమరావతి మీద, పోలవరం మీద గంటల తరబడి లెక్కలు చెప్పగలిగే పెద్దలు విల్లివాక్కంలోనూ టి.నగర్‌లోనూ ఉన్నారు. వీళ్ల చదువు మీద, నిజాయితీ మీద మాకు అనుమానం లేదు. అయితే ఆ 13 రోజుల్లో ఒక్క సాయంత్రమైనా రిప్పన్ బిల్డింగ్ దాకా వెళ్లి, "అమ్మా, మీ సంగతేమిటి?" అని తెలుగులో అడిగినవాళ్లు వీళ్లలో ఎంతమంది?

ఈ ప్రశ్న మాకూ వర్తిస్తుంది. మా పనీ వ్యాఖ్యానమే. అందుకే ఇదే నగరంలో జరిగిన ఒక పాత కథను ఇక్కడ గుర్తు చేస్తున్నాం.

1918. పెరంబూర్‌లో బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లులు. కార్మికుల కష్టాలు మొదట చేరింది జి. సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు అనే ఇద్దరి చెవిన. నాయకులని పేరుపడ్డ మనుషులు కారు. మిల్లువాళ్లు వచ్చి కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే చోటు వాళ్ల దగ్గర ఉండేది, అంతే. ఆ ఇద్దరూ వెళ్లి, అనీ బెసెంట్ 'న్యూ ఇండియా' పత్రికలో పనిచేస్తున్న బి.పి. వాడియాను కలిశారు. హోమ్ రూల్ (స్వపరిపాలన) మీద రాసి, మాట్లాడి, అంతకు ముందు ఏడాదే బెసెంట్‌తో పాటు నిర్బంధంలో ఉండి వచ్చిన మనిషి ఆయన. విన్నది రాసి ఊరుకోవచ్చు. ఆయన స్వయంగా మిల్లు దగ్గరికి వెళ్లి చూశాడు. మధ్యాహ్నం తిండికి ఇచ్చే టైమ్ ఎంత తక్కువో అక్కడ కళ్లారా చూశాడు. ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. మన దేశంలో ఒక పద్ధతి ప్రకారం నడిచిన తొలి కార్మిక సంఘాల్లో అదొకటి.

ఆ సంఘం ఉపాధ్యక్షుల్లో ఒకాయన 'దేశభక్తన్' అనే తమిళ పత్రిక సంపాదకుడు తిరు.వి. కల్యాణసుందరం. ఆయన పేరే ఇవాళ తిరు.వి.క. నగర్ జోన్‌కు ఉంది, పెరంబూర్ కూడా ఆ జోన్‌లోదే. ఇంకొకాయన పి. కేశవ పిళ్ళై, మన గుత్తిలో వకీలుగా పేరు తెచ్చుకున్నవారు, పత్రికలకు రాసినవారు. కలం పట్టినవాళ్లే సంఘం పెట్టారు. అందుకు మూల్యం కూడా చెల్లించారు: మిల్లు యాజమాన్యం హైకోర్టుకు వెళ్లి వాడియా మీద నిషేధపు ఉత్తర్వు తెచ్చింది. ఆ కేసు రేపిన ఆందోళన చివరికి 1926 ట్రేడ్ యూనియన్ చట్టానికి దారి తీసింది.

2017 జనవరిలో మెరీనాలో జరిగింది వేరు. జల్లికట్టు కోసం ఫోన్లలో పుట్టిన పిలుపు వేలు, లక్షల మందిని ఇసుక మీదికి రప్పించింది. వారం తిరగకుండా చట్టం వచ్చింది. అది చిన్న విజయం కాదు. కానీ ఆర్డినెన్స్ వచ్చాక "ఇక చాలు, ఇళ్లకు వెళ్దాం" అని చెప్పడానికి అందరూ ఒప్పుకునే మనిషి లేడు. జనవరి 23న పోలీసులు తీరాన్ని ఖాళీ చేయించినప్పుడు దెబ్బలు తిన్నవాళ్లలో పక్కనున్న మత్స్యకారుల పేటలవాళ్లూ ఉన్నారు. ఫోను జనాన్ని పోగు చేయగలదు. ఒకరి మాట ఒకరు నమ్మేలా చేయడానికి మాత్రం నెలల తరబడి కలిసి కూర్చోవాలి.

నిజమే, అందరూ బయటికి రాలేరు. పసిపిల్లల తల్లులు, ఒంట్లో బాగోలేనివాళ్లు, మాట్లాడితే ఉద్యోగం పోతుందనే టెన్షన్ ఉన్నవాళ్లు ఉంటారు. వీధి సభలో నోరు తెరవనివ్వని ఆడపిల్లకు ఫోనే వేదిక అవుతుంది. వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. 2015 డిసెంబర్ వరదల్లో ఇంట్లో కూర్చునే పడవలు ఎక్కడున్నాయో, అన్నం ఎవరికి అందలేదో జాబితాలు తయారు చేసినవాళ్లు ఎన్నో ప్రాణాలు కాపాడారు. అది కూడా సంఘం పనే. మేము అడుగుతున్నది రాగలిగి కూడా రానివాళ్లను.

రావడానికి చోటు లేదనడానికి లేదు. చెన్నైలో 200 వార్డులున్నాయి. 2022 ఫిబ్రవరి 19న జరిగిన కార్పొరేషన్ ఎన్నికల్లో ఇక్కడ ఓటేసింది సుమారు 43.6 శాతం మంది, రాష్ట్రమంతటా అది 60 శాతం దాటింది. ఆంధ్రలో ఎన్నికలంటే పండక్కి వెళ్లినట్టు రైలెక్కే మనం, ఉంటున్న వార్డులో ఓటు ఉందో లేదో చూసుకోం. అదే ఏడాది నగరాల్లో వార్డు కమిటీలు, ఏరియా సభలు పెట్టాలని తమిళనాడు ప్రభుత్వం నియమాలు తెచ్చింది. ఆ సభల్లో వీధి దీపం గురించి అడగొచ్చు, పారిశుధ్య కార్మికుల జీతం గురించి కూడా అడగొచ్చు. మనలో చాలామందికి ఆ సభల పేరే తెలియదు.

తెలుగు చదువు సంగతి కూడా ఇంతే. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరైంది. పదో తరగతి పరీక్షలో తెలుగు పిల్లలకు ఏళ్ల తరబడి దొరికిన మినహాయింపులు కోర్టుల్లో పిటిషన్ల ద్వారా వచ్చినవి. ఎవరో తల్లిదండ్రులు సంతకాలు సేకరించారు, భాషా సంఘాలవాళ్లు కాగితాలు పట్టుకుని లాయర్ల చుట్టూ తిరిగారు. ఆ పనికి మనుషులు ఎప్పుడూ తక్కువే.

వినేవాళ్లు వెయ్యిమంది ఉన్న వ్యాఖ్యాతకు మా సూచన ఇది. ఆ వెయ్యిమందిలో మీ పేటలో ఉన్నది ఎవరో అడగండి. పదిమంది తేలినా చాలు, నెలకు ఒక ఆదివారం ఒకే చోట, ఒకే టైమ్‌కు కలవండి. మొదటి నెల ఓటరు జాబితా చూడండి, పేరు లేనివాళ్ల చేత ఫారం 6 నింపించండి. రెండో నెల మీ వీధి ఊడ్చే మనిషిని పిలిచి, మీరు మాట్లాడకుండా ఆమె చెప్పేది వినండి. మీ ఏరియా సభ ఎప్పుడో వార్డు ఆఫీసులో కనుక్కోండి. ఎక్కడ కలుస్తున్నారో మాకు రాస్తే ఆ చోటు, ఆ టైమ్ ప్రతి నెలా ఈ పేజీలోనే ఉచితంగా అచ్చువేస్తాం. మా విలేకరి కూడా వచ్చి చాప మీద మీతోనే కూర్చుంటారు.