నిషేధిస్తే మిగిలేది లెక్కకు దొరకని ప్రచారమే

‘యూరప్‌లో ఫేస్‌బుక్, గూగుల్‌లలో రాజకీయ ప్రకటనలను నిషేధించారు, మన దగ్గరా నిషేధిస్తే అబద్ధపు ప్రచారం ఆగుతుంది, డబ్బున్నవాడి ఆటలు సాగవు’ అన్న వాదన హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. దీని వెనకున్న ఆవేదన న్యాయమైనదే కానీ, వాదన మాత్రం నిలవదు.

మొదట యూరప్ సంగతి. అక్కడి చట్టం ప్రకటనలను నిషేధించలేదు. డబ్బు ఎవరు, ఎంత ఇచ్చారో చూపాలని, ఓటరు వ్యక్తిగత సమాచారంతో ప్రకటనను గురిపెట్టాలంటే స్పష్టమైన సమ్మతి పొందాలని కోరింది. అది 2025 అక్టోబరులో పూర్తిగా అమల్లోకి వచ్చే వేళకు గూగుల్, ఫేస్‌బుక్ యజమాని మెటా ఆ నిబంధనలు ఆచరణసాధ్యం కావంటూ తమంతట తామే ప్రకటనలు ఆపేశాయి. జవాబుదారీ నుంచి తప్పుకున్న కంపెనీలు మనకు ఆదర్శం ఎలా అవుతాయి? 2019లో ట్విటర్ పెట్టిన నిషేధం కూడా యాజమాన్యం మారాక 2023లో సడలిపోయింది.

ఇక అబద్ధాల సంగతి. మార్ఫింగ్ వీడియో, దొంగ సర్వే మన ఫోనుకు చేరడానికి ప్రకటన అక్కర్లేదు, ఫార్వర్డు చాలు. నిషేధం తాకేది ముందస్తు పరిశీలనకు లోబడే ప్రకటననే. ఆ పరిశీలన పద్ధతికి మూలం మన దగ్గరి కేసే. టీవీల్లో రాజకీయ ప్రకటనలు వద్దన్న అధికారిక ఉత్తర్వులను, జెమినీ టీవీ వేసిన కేసులో 2004 మార్చిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిలిపివేసింది. ఆ వివాదం తన ముందుకు వచ్చినప్పుడు సుప్రీంకోర్టు ఏప్రిల్ 13న, ప్రకటనను ముందే చూసి ధ్రువీకరించే ఏర్పాటు చేసింది. 2013లో ఎన్నికల సంఘం దాన్ని సోషల్ మీడియాకూ వర్తింపజేసింది.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. తెలంగాణలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు. తన ప్రకటనలను ఎవరైనా చూసేలా మెటా పెట్టిన యాడ్ లైబ్రరీలో ఒక రాజకీయ ప్రకటన తెరిస్తే, చెల్లించినట్టు చెప్పుకున్నవారి పేరు, ఖర్చు సుమారు ఎంత, ఏ వయసువారికి చేరింది అన్నవి కనిపిస్తాయి, ఏడేళ్లు ఉంటాయి. ప్రత్యర్థి అయినా విలేకరి అయినా వాటిని అభ్యర్థి చూపిన లెక్కతో సరిపోల్చవచ్చు. అదే సొమ్ము, బిర్యానీ హోటళ్ల మీద రీల్స్ చేసే ఇన్‌ఫ్లుయెన్సర్ చేతికి నగదుగా అందిందనుకోండి. అతను అభ్యర్థి పక్కన నిలబడి ‘అన్న మన బస్తీకి ఏం చేసిండో చూడుండ్రి’ అంటే అది అభిమానంలా కనిపిస్తుంది, ఏ ఖాతాలోకీ ఎక్కదు. నిషేధం వచ్చిన మర్నాడు డబ్బు మళ్లేది అటే. హోర్డింగులు కొనలేక, తన డివిజన్ వరకు కొద్ది వేలతో ప్రకటన ఇచ్చుకునే స్వతంత్ర కార్పొరేటర్ అభ్యర్థికి మాత్రం ఆ దారీ మూసుకుపోతుంది.

ఇప్పటి పద్ధతి బాగుందని నేననను. అసలు డబ్బు ఎవరిదో తేలని బినామీ పేజీలు ఉన్నాయి. బస్తీలో పంచే ఎన్నికల కరపత్రంపై ముద్రాపకుడి, ప్రచురణకర్త పేరు, చిరునామా ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ చెబుతుంది. ఆన్‌లైన్ ప్రకటన మీదా అసలు చెల్లింపుదారు పేరు, ఆ ఖర్చు ఏ అభ్యర్థి ఖాతాలో పడుతుందన్న వివరం ఉండాలని, డబ్బు తీసుకున్న ఇన్‌ఫ్లుయెన్సర్ కూడా ఆ మాట వీడియోలోనే చెప్పాలని మనం ఎన్నికల సంఘాన్ని అడగాలి.