ఆ బాబిలోన్ మెసేజ్ ఇక చాలు

ఇరాక్‌లోని ప్రాచీన నగరం బాబిలోన్ మీద తిరిగే ఆ ఫార్వర్డ్, "బాబిలోన్ గురించి మీకు తెలియని 5 నిజాలు", మళ్లీ వచ్చింది, ఈసారి ముగ్గురి దగ్గర్నుంచి. తెలియకపోవడానికి కారణం ఉంది లెండి, అందులో ఒక్కటీ పూర్తిగా నిజం కాదు.

"ఒక్క రాత్రిలో బూడిదైంది" ట. క్రీ.పూ. 539లో పర్షియా రాజు సైరస్ సైన్యం యుద్ధం లేకుండానే ఊళ్లోకి నడిచొచ్చింది. 323లో అలెగ్జాండర్ అక్కడి రాజభవనంలోనే చనిపోయాడు. బూడిదకుప్పలో మంచం వేసుకున్నాడా?

నగరం గోడ చుట్టుకొలత దాదాపు 90 కిలోమీటర్లట: అది ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన లెక్క. తవ్వి కొలిస్తే సుమారు 18. అంతే.

ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన వేలాడే తోటల పునాదులు దొరికాయట. 1899-1917 మధ్య అక్కడ తవ్విన జర్మన్ పురావస్తువేత్త కోల్డెవై, కమాను గదులున్న ఒక కట్టడాన్ని చూసి అలాగే అనుకున్నాడు. అక్కడి మట్టి పలకల్లో ఉన్నవి మాత్రం సరుకుల పద్దులు, బందీగా ఉన్న యూదా రాజు యెహోయాకీనుకి కొలిచిచ్చిన నూనెతో సహా. ఆ తోటలు కట్టించాడనే బాబిలోన్ రాజు నెబుకద్నెజరు, తన కట్టడాల గురించి అంతగా రాయించుకున్నవాడు, తోట ఊసే ఎత్తలేదు.

నగరపు ప్రధాన ద్వారాల్లో ఒకటైన ఇష్తార్ ద్వారాన్ని జర్మన్లు మొత్తం పట్టుకుపోయారన్నది సగమే నిజం. బెర్లిన్‌లో ఉన్నది పెంకుల్ని నీళ్లలో నానబెట్టి, ఉప్పు తీసి అతికిన ముందు ద్వారం. మెరుపు పూత లేని ఎద్దులు, డ్రాగన్లున్న కింది గోడలు ఇరాక్‌లోని హిల్లా దగ్గర, అసలు చోటే, ఇంకా నిలబడే ఉన్నాయి.

ఇక ఐదోది: "సద్దాం రాజభవనాన్ని ఉన్నదున్నట్టు కట్టించాడు, శిథిలాల్ని బాగుచేయడమంటే అదీ!" ఉన్నదున్నట్టు అంటే ఎట్టు? పైకప్పు ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? 1980లలో మొండిగోడల నెత్తినే కొత్త ఇటుక పేర్చారు. అది యూఫ్రటీస్ నది మైదానం, భూగర్భజలం పైపైనే ఉంటుంది, పైగా ఉప్పు. వత్తిలో నూనె ఎక్కినట్టు ఇటుకలోకి నీరెక్కుతుంది. గాలి తగిలేచోట నీరు ఆరిపోతుంది, ఉప్పు గడ్డకట్టి ఇటుక పెచ్చులూడుతుంది. పాత మేస్త్రీలు ఇటుకల మధ్య తారు పూసి, వరసల మధ్య రెల్లు చాపలు పరిచారు. మన ఆధునికులు ఇష్తార్ ద్వారం దగ్గర కాంక్రీటు నేల పోశారు. తేమ ఆరే దారి మూసుకుపోయి, అదంతా గోడల్లోకే ఎక్కింది. పైన కొత్త బరువు, కింద గుల్లబారిన పాత ఇటుక. భలే బాగుచేత!

కొన్ని ఇటుకల మీద తన పేరు వేయించుకున్నాడని నవ్వుతారే, అక్కడ మాత్రం నేను సద్దాం పక్షం. నెబుకద్నెజరూ వేయించుకున్నాడు: బాబిలోన్ రాజు, ఎసగిల, ఎజిద గుళ్ల పోషకుడు, నబోపొలాసర్ పెద్దకొడుకు అని. ఆ ముద్ర ఉన్నచోట ఏది పాతో ఏది కొత్తో పిల్లాడైనా చెబుతాడు. పేరూ ఊరూ లేని సిమెంటు అతుకుల్ని విడదీయడానికే తలప్రాణం తోకకొస్తోంది.