కనమంటారు సరే, ఎక్కడ ఉంచుతారు?

మొన్న మా విలేకరి ఒకరు ఓ కార్యాలయానికి వెళ్లి, వానలు దగ్గర పడుతున్నా ఫలానా డ్రైనులో పూడిక ఎందుకు తీయలేదండీ అని అడిగితే, అక్కడి అధికారి ఫైల్లోంచి తల ఎత్తకుండానే జవాబిచ్చారు: ‘జనాభా పెరిగిపోయింది, ఏం చేస్తాం చెప్పండి.’ అంతే, ఇంకో మాట లేదు. అదే గదిలో గోడకున్న టీవీకి సౌండు తగ్గించి ఉంది గానీ కింద స్క్రోలింగ్ కనబడుతూనే ఉంది. రాష్ట్రంలో పిల్లలు తగ్గిపోతున్నారు, ఎక్కువ మందిని కనండి అని ఓ నాయకుడి పిలుపు. ఒకే గదిలో, ఒకే నిమిషంలో సర్కారు రెండు నాల్కలతో మాట్లాడింది. మా విలేకరికి నవ్వొచ్చిందట. మాకు మాత్రం రాలేదు.

వెనకటి కథ పాఠకులకు తెలిసిందే. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రే స్వయంగా పిల్లల్ని ఎక్కువగా కనమన్నారు. నవంబరులో శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న మూడు దశాబ్దాల నాటి నిబంధన ఎత్తేసింది. రాష్ట్రంలో ముసలితనం పెరుగుతోంది, పనిచేసే చేతులు తగ్గుతాయి, నియోజకవర్గాల పునర్విభజన జరిగితే దక్షిణాదికి సీట్లు తగ్గుతాయి అనే వాదనలో పస లేకపోలేదు. ఆ నిబంధన పోవడమూ మంచిదే, ఇంట్లో పిల్లల్ని లెక్కపెట్టి నామినేషన్ తిప్పికొట్టే చట్టం ఎప్పుడో పోవాల్సింది. మా గొడవ దానితో కాదు. సీట్ల లెక్క వేసేటప్పుడు జనం తక్కువైపోయారంటారు, ఊరు మునిగినప్పుడు జనం ఎక్కువైపోయారంటారు. ఏదో ఒకటి చెప్పండి.

నిజంగా పుట్టుకలే పెరిగి విజయవాడ మునిగిందా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఒక తరం స్థానంలో అంతే తరం రావాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు ఉండాలి. 2005-06 సర్వే నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 1.8కి దిగిపోయింది. 2019-21 సర్వేలో ఇక్కడ 1.7. అంటే ఇరవై ఏళ్లుగా ఇక్కడి ఆడవాళ్లు జనాభా పెరగడానికి కావలసినంత మందిని కనడమే లేదు. ఇప్పుడు ఊరిని ముంచే బుడమేరు వాగు వరదల తేదీలు పక్కన పెట్టుకోండి. 2005లో ఒకసారి బెజవాడను ముంచింది, 2024 సెప్టెంబరు 1న అంతకు మించి ముంచింది. సరిగ్గా ఈ రెండు వరదల మధ్య, కాన్పులు తగ్గుతూ వచ్చిన ఈ ఇరవై ఏళ్లలోనే, బుడమేరు పారే దారి ఇరుకైపోయింది. పుట్టని పిల్లలు వచ్చి కాలవ గట్టు మీద పునాదులు తవ్వారా?

తవ్వినవాళ్లు వేరే ఉన్నారు. కాలవ పక్క పల్లపు పొలాన్ని ఎకరాల్లెక్కన కొని, మెరక తోలించి, సిమెంటు రాళ్లు పాతి గజాల్లెక్కన అమ్మినవాళ్లు. ఆ గజాలకు రిజిస్ట్రేషన్ చేసి ఫీజు కట్టించుకున్న కార్యాలయం. కరెంటు మీటరు, ఇంటి పన్ను నంబరు ఇచ్చిన కార్యాలయాలు. అక్రమ కట్టడాలకు బీపీఎస్ అన్నారు, అక్రమ లేఅవుట్లకు ఎల్ఆర్ఎస్ అన్నారు, తప్పు చేసినవాడు జరిమానా కడితే చాలు ఒప్పయిపోయే పథకాలు ప్రతి ప్రభుత్వంలోనూ ఒకటి వచ్చింది. ముందు కొనుక్కో, తర్వాత చూద్దాం అన్నది ఈ నగరంలో చట్టం కన్నా గట్టిగా నడుస్తోంది. వరద రాగానే మాత్రం అక్కడున్న కూలీ, ఆటో డ్రైవరు, చిన్న కొట్టువాడు ‘ఆక్రమణదారు’ అయిపోతాడు, ఆ పైన ‘జనాభా’ అయిపోతాడు.

నగరం పెరగలేదని మేం అనడం లేదు. 2001లో ఎనిమిదిన్నర లక్షలున్న విజయవాడ 2011కి పది లక్షలు దాటింది, అదీ అరవై రెండు చదరపు కిలోమీటర్ల లోపే, మధ్యలో కొండలు, మూడు కాలవలు, రైలు పట్టాలు పోను. ఈ పెరుగుదలను కాన్పుల వార్డు మీదికి తోయకండి. పల్లెలో సాగు గిట్టక వచ్చినవాళ్లు, పిల్లల చదువులకని అద్దెకు దిగినవాళ్లు, రాష్ట్రం విడిపోయాక ఉద్యోగాలతో వచ్చినవాళ్లు, వీళ్లంతా వస్తారని అందరికీ తెలుసు. రమ్మన్నదీ మనమే. రాజధాని పక్కనే, రండి రండి అని హోర్డింగులు పెట్టి మరీ పిలిచాం. పిలిచినవాళ్లకి విస్తరి వేసే చోటు ముందే చూసుకోవాలి కదా.

బెజవాడ రాజరాజేశ్వరిపేటలో ఒక ఇల్లు. ముందు గది గోడ మీద, స్విచ్ బోర్డుకి జానెడు పైన, ఒక గీత ఉంది. రెండుసార్లు సున్నం వేసినా లోపల్నుంచి గోధుమరంగు పైకి తేలుతూనే ఉంది. ఆ ఇంటావిడ ఆ రోజు చిన్నవాడిని భుజాన వేసుకుని, పెద్దదాన్ని చెయ్యి పట్టుకుని, గుండెల దాకా వచ్చిన నీళ్లలో సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా నడిచింది. ఆయన వెనకాల గ్యాస్ బండతో. పిల్లల సర్టిఫికెట్లు తర్వాత ఫ్యాను కింద ఆరబెట్టి పాలిథిన్ కవర్లో పెట్టి అటక ఎక్కించారు, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, దింపడానికి ధైర్యం చాలడం లేదట. నీళ్లు తీశాక ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోరు ఇళ్లకు 25 వేలు, మొదటి అంతస్తుకు 10 వేలు అంది, ఈ ఇంటికీ వచ్చాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు కూడా వచ్చాయి, దాన్ని తక్కువ చేయం. కానీ ఆ ఇంట్లో ఉన్నది నలుగురే. ఇద్దరితో ఆపేశారు, సర్కారు గోడల మీద రాయించినట్టే. ఇందులో జనాభా విస్ఫోటం ఎక్కడుందో ఎవరైనా చూపించాలి.

ఆ రోజు కురిసిన వాన మామూలుది కాదు, అదీ నిజమే. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. వెలగలేరు దగ్గర్నుంచి బుడమేరు నీళ్లను కృష్ణలోకి మళ్లించే కాలవ తాహతు 15 వేల క్యూసెక్కులు, దాన్ని మించిన నీళ్లు వచ్చి గట్లకు గండ్లు పడ్డాయి. పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. ఆ కాలవను వెడల్పు చేయాలన్న మాట 2005 వరద తర్వాతి నుంచీ ఉన్నదే. పూర్తి చేయలేదు. ఇప్పుడు ‘ఆపరేషన్ బుడమేరు’ అంటున్నారు. చేస్తే చూస్తాం.

పర్యావరణం మీద మనిషి బరువు ఎంత అన్నదానికి 1970ల మొదట్లో పాల్ ఎర్లిక్, జాన్ హోల్డ్రెన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఒక లెక్క చెప్పారు. జనం సంఖ్య, ఒక్కొక్కరి వాడకం, ఆ వాడకానికి ఎలాంటి టెక్నాలజీ అన్నది, ఈ మూడింటినీ హెచ్చవేస్తే వచ్చేదే బరువు. మనవాళ్లకు అందులో మొదటి అంకె ఒక్కటే కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని పేదవాడి నెత్తిన పెట్టొచ్చు. రెండో అంకె చూస్తే అద్దం చూసుకున్నట్టే ఉంటుంది. సగటు భారతీయుడు ఏడాదికి గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ రెండు టన్నుల దగ్గర ఉంటే, అమెరికాలో ఉండేవాడిది పద్నాలుగు టన్నుల దగ్గర. అంటే మన కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్ల నుంచి డల్లాస్ వెళ్లి స్థిరపడిన ఒక్క బిడ్డ, భూమి మీద ఏడుగురి బరువు వేస్తున్నాడు. ‘మావాడు ఒక్కడేనండీ, చిన్న కుటుంబం’ అని తల్లిదండ్రులు గర్వంగానే చెబుతారు. తప్పు పట్టడం లేదు, అంకె చెబుతున్నాం. అంత దూరం ఎందుకు, ఇక్కడే, ఒకప్పుడు ఎనిమిది మంది ఒకే పెంకుటింట్లో రెండు ఫ్యాన్ల కింద పడుకునేవాళ్లు, ఇప్పుడు ఆ ఎనిమిది మంది మూడు ఫ్లాట్లలో ఆరు ఏసీలు, రెండు కార్లు, నాలుగు బళ్లతో ఉన్నారు. మనుషులు పెరగలేదు. బరువు పెరిగింది.

అలాగని సంఖ్యకు బరువే లేదనేవాళ్లతోనూ మేం ఏకీభవించం. 2022 నవంబరులో ప్రపంచం 800 కోట్లు దాటింది, ఆ మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి లెక్కల్లో మనం చైనాను దాటాం. ప్రతి తలకీ నీళ్లు కావాలి, ప్రతి ఇంటి నుంచీ చెత్త వస్తుంది. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని కేంద్రం ప్రమాణం పెట్టింది. ఇచ్చినందులో చాలా భాగం మురుగై బయటికి వస్తుంది కదా, అది ఎక్కడికి పోతుంది? బెజవాడలో అయితే కాలవల్లోకి. 1855లో ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి డెల్టాకు అన్నం పెడుతున్న నీళ్లవి. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, మూడూ ఊరి మధ్యలోంచే వెళతాయి. వంతెన మీద నిలబడి కిందికి చూడండి, క్యారీ బ్యాగులు, థర్మకోల్, దండలతో సహా పారేసిన దేవుడి పటాలు, గుర్రపుడెక్క. కింద డెల్టా ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఈ కాలవల నీళ్లతోనే. పైనున్నవాడు ఏం వదిలితే కిందున్నవాడు అది తాగాలి.

గుంటూరు సంగతి చెప్పుకుంటే ఇంకా సిగ్గు. 2018 మార్చిలో అతిసారంతో మనుషులు చచ్చిపోయిన ఊరు అది, కుళాయి నీళ్లలో మురుగు కలిసి. చుట్టుపక్కల పల్లెల్ని కార్పొరేషన్‌లో కలిపారు, ఊరి హద్దు పెంచారు, పన్నులు పెంచారు. భూగర్భ డ్రైనేజీ పని మాత్రం రోడ్లు తవ్వి పారేసి ఏళ్ల తరబడి సగంలో ఆగింది. పీకలవాగు పొంగితే ఇళ్లలోకి ఏ నీళ్లు వస్తాయో ఆ గట్టు మీద ఉన్నవాళ్లను అడగాలి. అక్కడా ఇదే పాట, ‘జనాభా పెరిగిందండీ’. ఎంత పెరిగిందో చెప్పగలరా పోనీ? చెప్పలేరు. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వెళ్లింది. ఇవాళ్టికీ ఏ పథకం కాగితం తిరగేసినా ఉండేది 2011 అంకెలే. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లాడికి ఇప్పుడు ఓటు హక్కు వచ్చేసింది. ఉన్నవాళ్లు ఎందరో లెక్క లేకుండా పైపు సైజు ఖరారు చేస్తారు, డ్రైను లోతు ఖరారు చేస్తారు, ట్యాంకర్లు ఎన్నో ఖరారు చేస్తారు, ఇప్పుడు ఎందర్ని కనాలో కూడా ఖరారు చేస్తున్నారు.

కనడం గురించి ఇంకొక్క మాట. ‘మేమిద్దరం, మాకిద్దరు’ అన్న నినాదాన్ని దేశంలో ఇంత బుద్ధిగా పాటించిన రాష్ట్రాలు తక్కువ. పాటించింది మాత్రం ఆడవాళ్లే. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి కాన్పుల వయసులో ఉన్న ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లకు జరిగినవి నూటికి ఒకటి కూడా లేవు. టార్గెట్లు పెట్టి, క్యాంపులు పెట్టి, పాతికేళ్లు నిండకముందే ఆ అమ్మాయిల్ని బల్లల మీద పడుకోబెట్టిన సర్కారే ఇవాళ వాళ్ల కూతుళ్ల దగ్గరికొచ్చి ముగ్గుర్ని కనమంటోంది. పుట్టే పిల్లకి అంగన్‌వాడీలో చోటుందా, ఆడుకోవడానికి జాగా ఉందా, పీల్చడానికి గాలి ఉందా? కేంద్రం గాలి నాణ్యత బాగులేని నగరాలని జాబితా కట్టి శుద్ధి కార్యక్రమం పెడితే అందులో విజయవాడా ఉంది, గుంటూరూ ఉంది. డబ్బు ఆశ చూపిస్తే కాన్పులు పెరుగుతాయన్నది కూడా భ్రమే. దక్షిణ కొరియా ఏళ్ల తరబడి డబ్బు కుమ్మరించింది, 2023లో అక్కడ స్త్రీకి సగటున 0.72.

ఈ రెండు నాల్కలూ ఇలాగే సాగనిస్తే రేపు ప్రతి తప్పుకీ ఇదే సాకవుతుంది. చెరువు పూడిస్తే జనాభా, కొండ తొలిస్తే జనాభా. మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయినప్పుడు వినలేదా ఈ మాట? కొండ మీద ఎందుకు కట్టుకున్నారని అడిగారు గానీ, కింద గజం ధర ఎంతుందో, ఆ కూలీ దగ్గర ఎంతుందో ఎవరూ అడగలేదు. మెట్లు వేయించి, కుళాయి ఇచ్చి, ఓటు అడిగినవాళ్లు కొండ మీదికి ఎక్కే వెళ్లారు కదా, అప్పుడు కనబడలేదా?

వేదికల మీద మూడో బిడ్డ గురించి మాట్లాడే పెద్దలకు మాదొక విన్నపం. రాజరాజేశ్వరిపేటలో ఆ ఇంటికి వెళ్లి, గోడ మీది గీత పక్కన నిలబడి, ఇద్దర్నీ వెంటపెట్టుకుని నీళ్లలో నడిచిన ఆ తల్లికి ఆ మాట చెప్పి రండి. మైకు లేకుండా. వెంట కెమెరాలు లేకుండా. వీలైతే వానాకాలంలో వెళ్లండి.