డైరీ గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ డైరీ గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ అంటే మా బీరువా మీద మీరు కూడా క్షేమమే అనుకుంటా, ఎందుకంటే జనవరి 6 తర్వాత నేను మిమ్మల్ని ముట్టుకుంటే ఒట్టు.

మిమ్మల్ని డబ్బులిచ్చి కొన్న పాపాన ఎప్పుడూ పోలేదు. మా నాన్నకి ఎరువుల కొట్టాయన ఇచ్చేవాడు, నాకు ఇన్సూరెన్స్ ఏజెంట్ ఇస్తున్నాడు, ఊరికే వచ్చిందే అయినా డిసెంబర్ ఆఖర్లో ఆ కొత్త కాగితం వాసన తగలగానే నాలో రచయిత ఆవులిస్తూ లేచి కూర్చుంటాడు. ముందు మీ మొదటి పేజీ నింపుతా. పేరు, బ్లడ్ గ్రూపు, పాలసీ నంబరు, బూట్ల సైజు. బూట్ల సైజు మీకెందుకండీ? అయినా రాస్తా. ఏడాది మొత్తంలో నేను పూర్తిగా నింపే పేజీ అదొక్కటే.

జనవరి 1: "ఇవాళ్టి నుంచి రోజూ రాయాలి, నెలకి రెండు పుస్తకాలు చదవాలి." 2: బెజవాడ పుస్తకాల పండక్కెళ్ళి తొమ్మిది కొన్నా. 3: "ఆఫీసు. ఉప్మా." 4: షరా మామూలే. 5 ఖాళీ. 6న నిన్నటిది కూడా కలిపి రాద్దామని పెన్ను పట్టుకుంటే నిన్న ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తురాలేదు, అంత ఘనంగా గడిచింది. ఆ తొమ్మిదిట్లో ఒకదానికి గుర్తుగా పెట్టుకుందామని మీ రిబ్బన్ పీకేశా, అదిప్పుడు 14వ పేజీలో విశ్రాంతి తీసుకుంటోంది.

తప్పంతా నాదే అంటే ఒప్పుకోను. డిగ్రీలో ఉండగా నిజంగానే మనసులో మాటలు రాసేవాణ్ణి, ఒకరోజు మా చెల్లి దాన్ని అన్నాల దగ్గర పైకి చదివింది, అమ్మ నవ్వింది, నాన్న మాత్రం చాలా సీరియస్‌గా వత్తులు దిద్దారు. అప్పట్నుంచి నేను రాసేదంతా ఎవరో చదువుతారని రాసిందే. "నేడు ఆకాశం ఎంతో రమణీయంగా ఉన్నది" అని రాశా ఒకసారి, ఆరోజు చొక్కా తడిసి జలుబు చేసింది, అది రాయలా.

ఏనుగుల వీరాస్వామయ్య గారని మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో చెప్పింది ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి, 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. పల్లకీ, వెనకాల వందమంది దాకా జనం, ఆ గొడవలో కూడా ఏ మజిలీ ఎంత దూరం, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది అన్నీ రాసుకుంటూ స్నేహితుడికి పంపాడు. ఆయనకి తేదీలు అచ్చేసిన పేజీల్లేవు, రిబ్బన్ లేదు, బూట్ల సైజు ఎవరూ అడగలేదు. నాకు ఇవన్నీ ఉన్నాయి, ఫ్యాన్ కూడా ఉంది.

మీ పరువు నిలబెట్టింది మా అమ్మ. నేను వదిలేసిన డైరీలన్నీ ఆవిడే వాడింది. "12 పాలు రాలేదు." "చాకలికి 14 బట్టలు, ఒక టవల్ తక్కువ." "కాయలు 25, కారం కిలో, ఆవపిండి కిలో, పోయినేడు ఉప్పెక్కువైంది జాగ్రత్త." "చీటీ కట్టాలి, ఆయనకి చెప్పొద్దు." ఏడో తరగతి చదివింది, ఆవిడకి రమణీయం అనే మాట ఎప్పుడూ అవసరం పడలేదు. మొన్న బూజులు దులుపుతూ అవి తీసి చదవడం మొదలెట్టా, తొమ్మిది పుస్తకాల్లో ఒక్కటీ పూర్తి చెయ్యనివాణ్ణి రెండేళ్ళ పాల లెక్క ఏకబిగిన చదివేశా, మధ్యలో ఆ టవల్ దొరికిందో లేదో అని టెన్షన్ కూడా పడ్డా. దొరకలేదు.

ఇట్లు,
మీ జనవరి మిత్రుడు

తా.క. ఈ ఉత్తరం మీలోనే ఆగస్టు 23 పేజీలో రాస్తున్నా, ఖాళీగా ఉంది కదాని. కింద మూలన "పాలు అర లీటరే పోశాడు" అని అమ్మ రాసుకుంది, దాని మీద పడకుండా సన్నగా రాశా, ఆ లెక్క ఇంకా తేలలేదట.