నా బండిలోకి రానన్న ఎనిమిదో గుర్రానికి

మహారాజశ్రీ ఎనిమిదో గుర్రం గారికి,

మూసారంబాగ్ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ నా స్ప్లెండరూ క్షేమం. మీరెక్కడున్నారో తెలియదు కాబట్టి మీ క్షేమం అడిగే వీల్లేదు.

ముందు పరిచయం. నాది 2009 నాటి బండి, 97.2 సీసీ. కంపెనీవాళ్లు అందులో కట్టి పంపింది సుమారు ఏడున్నర గుర్రాల్ని, అదే హార్స్‌పవర్‌ని. అంటే మీలో సగం పుట్టుకతోనే నా బండిలో ఉంది. అది ముందు సగమో వెనక సగమో నాకు తెలియదు. బండి నడిచే తీరు చూస్తే వెనక సగమే అనుకోవాలి. పదిహేనేళ్లకు పైగా ఆ ఏడున్నరా నన్ను ఆఫీసుకీ, మా ఆవిడను పుట్టింటికీ, అప్పుడప్పుడూ గ్యాస్ సిలిండర్‌నీ మోశాయి. సూర్యభగవానుడి రథానికే ఏడు గుర్రాలు, పైగా సారథికి తొడలు లేవు. అయినా ఆయన ఒక్కరోజు లేటుగా వచ్చిన దాఖలా లేదు. ఆయనకంటే నాకు అర గుర్రం ఎక్కువే ఇచ్చారన్న సంగతి సమయానికి తట్టలేదు. తట్టి ఉంటే మీకీ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

బంజారాహిల్స్‌లో ఒక పెళ్లికి వెళ్తున్నాం. ఎత్తు మొదలైంది. నాలుగో గేరు నుంచి మూడుకొచ్చాను, మూడు నుంచి రెండుకొచ్చాను. పక్కనుంచి ఒక డెలివరీ కుర్రాడు కరెంటు స్కూటరు మీద, వెనక అంత పెద్ద పెట్టె పెట్టుకుని, చప్పుడు లేకుండా దాటిపోయాడు. అతను నావైపు చూడను కూడా చూడలేదు. అప్పుడు వెనక నుంచి మా ఆవిడ ఎంతో ప్రేమగా, "ఏమండీ, నేను దిగి నడవనా?" అంది.

ఆ మాటతో నాకు మీరు గుర్తొచ్చారు.

మర్నాడే పుత్లీబౌలీ వెళ్లాను. అక్కడ ఒక మెకానిక్ ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్సలేటర్ రెండుసార్లు తిప్పి, డాక్టరు నాడి చూసినట్టు కళ్లు మూసుకున్నాడు. "అన్నా, కంపెనీవాడు మైలేజి కోసం బండి ముక్కు మూసి పంపుతడు. మనం ముక్కు తెరుద్దాం. పికప్ పిచ్చ లేస్తది" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఇంజను ఎంత గాలి పీలిస్తే అంత పెట్రోలు కాలుతుంది, ఎంత కాలితే అంత బలం. నా బండికి గాలీ పెట్రోలూ కలిపే చిన్న కార్బొరేటరు, చిన్న వాల్వులు పెట్టింది పొదుపుగా నడవాలనే. ఉస్తాద్ చెప్పనిదల్లా ఒక్కటే. ముక్కు తెరవాలంటే వాల్వు, క్యాము, పోర్టు, కార్బొరేటరు అన్నీ ఒకదానికొకటి కుదిరేలా మార్చాలి. ఆయన మార్చింది సైలెన్సరు. అది ముక్కు కాదు.

రూ. 2,200 పెట్టి బిగించిన ఆ సైలెన్సరుతో నాకు ఒరిగిన లాభం దాచను. నేను మలక్‌పేట మెట్రో స్టేషన్ దగ్గరుండగానే మా ఇంట్లో కుక్కర్ పొయ్యి మీదికెక్కేది. చెవులకు అరవై మీద పోతున్నట్టుండేది, కిందికి చూస్తే ముల్లు నలభై దగ్గర ఆవులిస్తుండేది. పాత సైలెన్సరు లోపలున్న గదులూ గొట్టాలూ చప్పుడు తగ్గించడానికే కాదట. పొగ వెళ్లేటప్పుడు వెనక్కి కొట్టే ఒత్తిడి అలలు తక్కువ వేగంలో ఇంజనుకు ఆసరా అయ్యేలా వాటిని కొలిచి పెడతారు. వాటిని పీకేసి ఉత్త గొట్టం పెట్టాక ఎత్తు మీద అంతకుముందున్న లాగుడు కూడా పోయింది. మీరు రాలేదు సరికదా, ఉన్నవాళ్లలో ఇద్దరు అలిగారు.

తర్వాత రూ. 650కి కోన్ ఫిల్టరు. గాలి ఎక్కువైంది, పెట్రోలు అంతే ఉంది. వారానికి ప్లగ్గు విప్పి చూస్తే కొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. బాగున్న ఇంజను ప్లగ్గు బిస్కెట్ రంగులో ఉండాలి. తెలుపంటే పెట్రోలు చాలక లోపల వేడెక్కిపోతోందని. దానికి ఉస్తాద్ దగ్గర మందుంది. కార్బొరేటరులో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ విప్పి వెలుతురుకేసి పట్టి, క్లచ్ వైరులోంచి ఒక పోగు లాగి, జెట్ రంధ్రంలో పెట్టి పళ్లు కుట్టుకున్నట్టు తిప్పడం మొదలెట్టాడు. వెంట్రుకంత రంధ్రం అది. కంపెనీలో దాన్ని కొలిచి వేసి నంబరు కూడా కొడతారు. ఆయన నంబరు వైపు చూడలేదు. మధ్యలో ఛాయ్ వచ్చింది. ఛాయ్ అయ్యాక ఇంకో నాలుగు తిప్పులు తిప్పి, పెట్రోలు ఇంకాస్త వచ్చేలా నీడిల్ క్లిప్పు ఒక గాటు దించి, "ఇప్పుడు చూడన్నా" అన్నాడు. దీనికి రూ. 450 తీసుకున్నాడు. చూశాను. ప్లగ్గు ఈసారి పెనం అడుగులా నల్లగా ఉంది. అరవై ఇచ్చే మైలేజి ముప్పై ఎనిమిదికి దిగింది. మీకోసం పెట్టిన దాణా అంతా పొగగొట్టంలోంచి పోతోందని అప్పుడైనా ఆగాల్సింది.

ఆగలేదు. ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తక్కువది వేయించాను. అందుకు రూ. 350. దీంతో గుర్రాల సంఖ్య మారదు. ఉన్న గుర్రాలే అడుగులు చిన్నవి చేసుకుని గబగబా వేస్తాయి. పికప్ నిజంగానే పెరిగింది, ఆ మేరకు పైవేగం పడిపోయింది. ఈ మొత్తం వ్యవహారంలో డబ్బుకు తగ్గ పని చేసింది ఇదొక్కటే, అది కూడా మీ ప్రమేయం లేకుండా.

ఇక బోరింగు. సిలిండరు కోయించి ఒక మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేయించాను. పిస్టన్, రింగులు, కోత కూలి కలిపి రూ. 4,500. "వంద దాటేసినం అన్నా!" అని ఉస్తాద్ చేయి కలిపాడు. నేను అకౌంట్స్ మనిషిని. ఇంటికొచ్చి లెక్క వేశాను. 50 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండరు వెడల్పు, 51 అయింది. పిస్టన్ కదిలే దూరం, అంటే స్ట్రోకు, అదే 49.5. పాతది 97.2, కొత్తది 101.1. అంటే నాలుగు సీసీ, నూటికి నాలుగు వంతులు. అన్నీ సక్రమంగా కుదిరితే వచ్చేది గుర్రంలో మూడో వంతు కంటే తక్కువ. ఒక కాలు, మహా అయితే ఒక చెవి. అప్పటికి ఖర్చు మొత్తం రూ. 8,150.

అదే రాత్రి ఇంకో లెక్క కూడా వేశాను. వేయకుండా ఉండాల్సింది. నేను 82 కిలోలు, బండి దాదాపు 110. నా పొట్ట ఎనిమిది కిలోలు తగ్గితే సిగ్నల్ దగ్గర నుంచి అందుకోవడంలో ఆ బోరింగుకు సమానం. దీనికి పుత్లీబౌలీ వెళ్లక్కర్లేదు, ఆదివారం బిర్యానీకి వెళ్లకపోతే చాలు. ఈ కాగితం మా ఆవిడ కంట పడకుండా చించేశాను.

మీలో మిగతా సగం ఎక్కడుందో కూడా తెలిసింది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి కాస్త పల్చన, అందుకని ఇలాంటి ఇంజను ఇక్కడ నూటికి ఐదారు వంతుల బలం పోగొట్టుకుంటుంది. నా బండి లెక్కలో అది ఇంచుమించు అర గుర్రం. అంటే మీరు ఏ ఉస్తాద్ దగ్గరా లేరు, విశాఖ బీచ్‌లో గాలి పీలుస్తూ నిలబడ్డారు. బోరింగు చేయించి నేను తెచ్చిన కాలూ చెవీ కంటే దక్కను పీఠభూమి పట్టుకుపోయిందే ఎక్కువ. పోనీ, మీరు రైలెక్కి వచ్చి కూర్చున్నారే అనుకుందాం. గాలిని చీల్చడానికి కావలసిన బలం వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. ఏడున్నర ఎనిమిదైతే 85 మీద పోయే బండి 87 అందుకుంటుంది. ఆ రెండు కిలోమీటర్లను మలక్‌పేట సిగ్నల్లో ఎక్కడ పరుచుకోను?

చిన్న ఇంజనులో గుర్రాలు ఉండవని నేననను. 1966లో హోండా రేసు బండి ఆర్‌సీ116 కేవలం 50 సీసీలో 14 గుర్రాల్ని కట్టింది. అయితే నిమిషానికి 21,500 తిరుగుళ్ల దగ్గర, తొమ్మిది గేర్లతో. దాన్ని మైలేజి ఎంతని అడిగినవాడు లేడు, దాని మీద గ్యాస్ సిలిండరు తెచ్చినవాడూ లేడు. నా బండి గుర్రాలు ఏడున్నరా కనిపించేది 8,000 తిరుగుళ్ల దగ్గర. నేను రోజూ తిప్పేది మూడు నుంచి నాలుగు వేలు. అక్కడ పనిచేసేవి సగానికి కాస్త అటూ ఇటూ. మిగతావి లాయంలో గడ్డి తింటూ ఇన్నేళ్లుగా నా పిలుపు కోసం చూస్తున్నాయి. వాటి ముఖం ఎన్నడూ చూడని నేను మీకోసం ఊరంతా తిరిగాను.

ఒకసారి మాత్రం మీ జాతివారిని దగ్గర నుంచి చూసే భాగ్యం కలిగింది. మలక్‌పేటలో, అదీ రేసుకోర్సులో కాదు, బయట రోడ్డు మీద. రాత్రి తొమ్మిదిన్నరకి బరాత్ అడ్డొచ్చింది. ముందు బ్యాండు, దాని వెనక తెల్ల గుర్రం మీద పూలతెర కట్టుకున్న పెళ్లికొడుకు, ఆ వెనక నేను. గుర్రాన్ని సంగీతానికి అలవాటు చేస్తారు, నా సైలెన్సరుకు ఎవరు అలవాటు చేస్తారు? ఎక్సలేటర్ వదిలాను. గొట్టం బిగించినచోట సందుంది. అందులోంచి బయటి గాలి దూరి, కాలకుండా వచ్చిన పెట్రోలు గొట్టంలోనే అంటుకుంది. ఫట్! గుర్రం ముందు కాళ్లు లేపింది. పెళ్లికొడుకు దాని మెడ కౌగిలించుకున్నాడు. తలపాగా వెళ్లి ట్రంపెట్ ఊదే ఆయన మీద పడింది. నలుగురు బంధువులు నా వైపు తిరిగారు. అందులో పెద్దాయన బండిని కాదు, నన్ను ఎగాదిగా చూసి, "ఏంది బాబూ, ఈ వయసుల?" అన్నాడు. నలుగురూ కలిసి కొట్టినా అంత తగిలేది కాదు. ఆ ఒక్క గుర్రం కళ్లెం లాక్కుని నాలుగడుగులు ముందుకు వేసిన ఊపు చూసి మాత్రం, మీ మీద నా గౌరవం పెరిగింది.

ఆ వారంలోనే నల్గొండ నుంచి మా బాబాయి వచ్చాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. నేను స్టార్ట్ చేయగానే చెవులు మూసుకుని, "ఇది బండేనారా, లౌడు స్పీకరా? ఆపు" అన్నాడు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ అంతే. నా ముఖం వైపు చూశాడు. "బ్రేకు పట్టేసుకుని ఉంది. ఎన్నాళ్లయింది?" నాకేం తెలుసు? క్లచ్ లివరు కదిపి చూస్తే ఆట లేదు, అందుకే ఎత్తు మీద ఇంజను అరుస్తున్నా చక్రానికి అందడం లేదు. చైను ఎండిపోయి ఉంది. మర్నాడు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా, సందు కొలిచే ఫీలర్ గేజి పెట్టి, వాల్వుల్ని నొక్కే టాపెట్లు చూశాడు. కాగితం మందం కూడా ఉండని సందు అక్కడ ఉండాలట. ఒకదానికి అసలు లేదు. "వాల్వు సరిగ్గా మూసుకోకపోతే పిస్టన్ ఎంతదైతే ఏం లాభం? మూత లేని కుక్కర్‌లో పప్పు ఉడుకుతదా?"

పాత సైలెన్సరు, పాత ఫిల్టరు మళ్లీ ఎక్కాయి. నంబరున్న కొత్త జెట్ తెప్పించాడు. ఇంజను ఆయిలుతో కలిపి ఆరు వందల చిల్లర. కూలీ అడిగితే, "రాత్రికి నాటుకోడి చెప్పు" అన్నాడు.

మొన్న మళ్లీ బంజారాహిల్స్ వెళ్లాం. మూడో గేరులోనే ఎక్కింది. మా ఆవిడ దిగుతానని అనలేదు. ఇంకో డెలివరీ కుర్రాడు కరెంటు స్కూటరు మీద మళ్లీ దాటిపోయాడనుకోండి, అది వేరే విషయం. ఆ మోటారుకు మొదటి తిప్పు నుంచే పూర్తి లాగుడు ఉంటుంది, దాంతో మనకు పేచీ ఏమిటి?

ఆ సైలెన్సరును మూడో అంతస్తు కుర్రాడు రూ. 700కి కొనుక్కున్నాడు. పట్టుబడిన ఇలాంటి గొట్టాల్ని పోలీసులు రోడ్డు మీద వరసగా పరిచి రోలరు ఎక్కిస్తారని చెప్పాను. విన్నట్టే తలూపి, "అంకుల్, దీంతో పికప్ ఎంత పెరుగుద్ది?" అన్నాడు. మీరిక వాళ్లింటికి వెళ్లాల్సి ఉంటుంది. పొద్దున ఆరు దాటాక వెళ్లండి, అంతకుముందైతే మా ఆవిడ పడుకుని ఉంటుంది.

ఈ ఉత్తరం ఇక్కడితో ముగించేవాడినే. కరెంటు పోయి వచ్చాక మిక్సీ తిరగడం లేదని మా ఆవిడ పిలిస్తే, వెళ్లి దాన్ని తిరగేసి చూశాను. అడుగున 750 వాట్లు అని రాసి ఉంది. గుర్రం అంటే 746 వాట్లు. మింగే కరెంటుకూ ఇచ్చే బలానికీ తేడా ఉంటుందని తెలుసు, అయినా కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. సగం కాదు, మొత్తం మీరు. మా పెళ్లయినప్పటి నుంచీ గట్టు మీదే ఉన్నారు. అడుగునున్న ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరిగారు.

"ఏం చూస్తున్నారు? ఆ అల్లం వెల్లుల్లి పొట్టు తీసి ఇవ్వండి" అంటోంది. ఉంటాను.

ఇట్లు,
ఏడున్నర గుర్రాల ఆసామి
మూసారంబాగ్