పెట్టె విప్పని మహర్షులు

మే నెలలో, కత్తిరి ఎండల్లో, చెన్నైలో మనుషులు ఎలా బతుకుతారో అని బెంగపడేవాళ్లున్నారు. అదే ఎండలో, వేళచ్చేరిలోని మూడో అంతస్తు ఫ్లాటులో, అసలు సైజులో ఏడో వంతుకు కుదించిన జపాన్ అమ్మాయి ఏమైపోతుందో అని అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

అనిమే ఫిగర్లను, అంటే జపాన్ కార్టూన్ కథల్లోని పాత్రల బొమ్మలను, సీరియస్‌గా సేకరించేవాళ్లను లోకం ముదురు పిల్లల కింద జమకడుతుంది. ఎంత అపవాదు! ఆడుకునేవాడికి బొమ్మను ముట్టుకోవాలనిపిస్తుంది. సిసలైన సేకర్తకు ఆ చాపల్యం ఎప్పుడో నశించింది. మా తోడల్లుడు దాదాపు నెల జీతం పోసి తెప్పించిన ఫిగర్‌ను ఇంతవరకూ పెట్టెకున్న ప్లాస్టిక్ కిటికీలోంచి తప్ప చూసి ఎరగడు. బుక్ చేశాక తయారీవాళ్లు ఇంకో నెల అన్నారు, ఆ తర్వాత ఇంకో మూడు నెలలన్నారు. ఈయన కిమ్మనలేదు. ఇడ్లీ పార్సిల్ పది నిమిషాలు ఆలస్యమైతే మూడు అంతస్తులూ దిగి వీధిలో నిలబడే మనిషి!

ఆ తర్వాత కస్టమ్స్. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది, మన దగ్గర బొమ్మలు చేసేవాళ్లను కాపాడటానికి. కొండపల్లి, చన్నపట్న బాగుపడితే ఎవరికి చేదు? కానీ స్కర్టు గాలికి లేచినట్టు పొణికి కర్రతో చెక్కేవాడు కొండపల్లిలో ఎవడున్నాడో చూపించమంటాడు మా తోడల్లుడు. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు కూడా తప్పనిసరి. అయితే ఆ నిబంధన 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునేవాటికి. ఈ పెట్టెల మీద 15 ఏళ్లు దాటినవారికి అని ఉంటుంది. ఆ అర్హత సంపాదించి ఈయనకు పాతికేళ్లయింది.

ఇక వీళ్లలో ఉన్నన్ని అంతరాలు పెళ్లి సంబంధాలు చూసేవాళ్లలో కూడా ఉండవు. 2006లో గుడ్ స్మైల్ కంపెనీ మొదలుపెట్టిన నెండోరాయిడ్లు, అంటే పది సెంటీమీటర్ల ఒంటికి గుమ్మడికాయంత తలకాయ ఉండేవి, కొత్తగా చేరినవాళ్లకట. జపాన్ ఆటల సెంటర్లలో మర కొక్కేనికి తగిలించి గెలుచుకునే ప్రైజ్ ఫిగర్లను గుమ్మం దగ్గరే ఆపేస్తారు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఫిగర్‌కు ఒక గ్రేడు, పెట్టెకు వేరే గ్రేడు. లోపలి పిల్లకు ఫస్ట్ క్లాసు వచ్చినా అట్టపెట్టె మూల నలిగిందంటే సంబంధం తప్పిపోయినట్టే. అన్నిటికన్నా అరుదైనవి దొరికేది ఏడాదికి రెండుసార్లు టోక్యో దగ్గర మకుహరి మెస్సే అనే ప్రదర్శనశాలలో జరిగే వండర్ ఫెస్టివల్ అనే బొమ్మల సంతలో. అక్కడ ఔత్సాహిక శిల్పులు ఆ ఒక్క రోజుకే ఇచ్చే అనుమతితో కిట్లు అమ్ముతారు. రంగుండదు, అతికించి ఉండదు, రెజిన్ ముక్కలు మాత్రం ఉంటాయి. అంత డబ్బు పోసినందుకు ఇసుక కాగితంతో రుద్దుకుని, అతికించుకుని, కళ్లు దిద్దుకోవలసింది మనమే. ఇది భక్తి కాకపోతే మరేమిటో చెప్పండి.

అసలు ధర్మసంకటం వేరే ఉంది. ఎక్కువ ఫిగర్లు పీవీసీవి. ఆ ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపిన నూనెలాంటి పదార్థం వేడికి మెల్లగా పైకి చెమరుస్తుంది. చేత్తో తాకితే జిగట. గాలి తగలని చోట మరీ ఎక్కువ. అంటే భద్రంగా మూసి ఉంచిన పెట్టెలోనే అమ్మాయి జిడ్డోడుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగితే పోతుంది, కానీ కడగాలంటే తెరవాలి. తెరిస్తే ధర పోతుంది. అందుకని ఆ గదిలో పగలూ రాత్రీ ఏసీ. రెండు నెలలకు 100 యూనిట్లు తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది కదా, అవి పెట్టెల వాటా. మిగతా బిల్లు మనుషులది. మా అత్తగారు వస్తే హాల్లో ఫ్యాను కింద పడుకుంటుంది.

ఆవిడా ఈ రంగంలో తక్కువేం కాదు. దసరాకు తొమ్మిది మెట్ల కొలువు, అమ్మమ్మ నాటి కొండపల్లి దశావతారాలు, ఏటా మైలాపూర్ ఉత్తర మాడవీధిలో బేరమాడి తెచ్చే కొత్త బొమ్మ ఒకటి. పోయిన దసరాకు అల్లుడి మీద ప్రేమకొద్దీ, "ఆ పిల్లని కూడా కింది మెట్టు మీద కూర్చోబెడదాం, తీసుకురా బాబూ" అంది.

"పిల్లలు ముట్టుకుంటారండీ అత్తయ్యగారూ."

"ముట్టుకోక? మా వామనుడి గొడుగు మూడుసార్లు విరిచారు. లక్కతో అతికించాం, నిలబడ్డాడుగా." పెట్టె కిటికీలోంచి కాసేపు చూసి అడిగింది. "పాపం, ఈ గుడ్డపీలికలతో చలి వేయదూ దీనికి?"

"చలే కావాలండీ. వేడే పడదు."

ఆవిడ ఏసీ వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది, వెళ్లి శనగలు తాలింపు వేసుకుంది.

ఈ మధ్య ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదన్నంత పనయింది. అదే ఫిగర్‌ను కంపెనీ మళ్లీ విడుదల చేస్తోందట. మార్కెట్లో పాతదాని ధర సగానికి పడింది. పరామర్శకు వెళ్లాను. అప్పటికే తేరుకున్నాడు. ధర ఎలాగూ పోయింది కాబట్టి ఇప్పుడైనా తెరవచ్చు కదా అన్నాను. అది మొదటి విడతది, ముట్టుకోకూడదన్నాడు. తెరిచి చూసుకోవడానికని రెండోది బుక్ చేశాడు. అదీ వచ్చింది. పెట్టె నాలుగు మూలలూ తిప్పి చూస్తే ఒక్క నొక్కు లేదు. ఇంత చక్కని పెట్టెను చింపడానికి చేతులెలా వస్తాయని దాన్నీ ఏసీ గదిలోకే చేర్చాడు. మూడోదానికి ఈ నెలాఖరు దాకా గడువుంది.