సముద్రం పాలైన నీళ్లు

కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారంటే చాలు, మా ఇంట్లో టీవీ ముందు శోకాలు మొదలు. ఇన్ని లక్షల క్యూసెక్కులు సముద్రం పాలు, అన్ని టీఎంసీలు వృథా. నిన్న మా బాబాయ్‌ది కూడా అదే పాట: "చూడమ్మా, ఒక్క చుక్క నిలుపుకోలేకపోయారు!"

వరద మంచిదని నేను అనట్లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లకి సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్లు రెండు రోజులు మేడ మీదే ఉన్నారు, ఆ టెన్షన్ నాకు తెలుసు. నా గొడవంతా ఆ 'వృథా' అనే మాటతోనే.

నేను డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను. పుస్తకంలో వృక్షప్లవకాలు (నీళ్లలో తేలే కంటికి కనపడని మొక్కల్లాంటివి), ఒక బాణం గుర్తు, వాటిని తినే జంతుప్లవకాలు, ఇంకో బాణం, చేపలు. అంతే, పాఠం అయిపోయింది, రెండు మార్కుల ప్రశ్న. ఆ మొదటి బాణంలో ఎంత కథ ఉందో ఎవరికీ పట్టదు. అందుకే ఒకసారి సూర్యలంక బీచ్ నుంచి సన్నటి వలతో పట్టిన నీళ్లు సీసాలో తెచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టాను. కోపిపాడ్లు అనే జంతుప్లవకాలు. రొయ్యకి దూరపు చుట్టాలు, మిల్లీమీటరు పొడవుంటే గొప్ప. తల మీద ఎర్రటి ఒంటి కన్ను, అటూ ఇటూ చాచిన పొడుగాటి మీసాలు, ఒళ్లు గాజులా ఉంటుంది కాబట్టి లోపల పేగులో తిన్నది కూడా కనిపిస్తుంది. వెనక బెంచీ కుర్రాడొకడు చూసి "మేడం, ఇది గోంగూర తిన్నట్టుంది" అన్నాడు. ఆ ఏడాది నేను విన్న మంచి జవాబు అదే.

ఇవి నీళ్లని జల్లెడ పట్టినట్టు వడగట్టి తింటాయని చాలాకాలం అనుకున్నారు. 1980ల మొదట్లో అతి వేగంగా ఫిల్ము తీసి చూస్తే తెలిసింది, అంత చిన్న ప్రాణికి నీళ్లు ఆముదంలా చిక్కగా అనిపిస్తాయని, కాళ్లతో ఆ చిక్కటి నీటిని కొంచెం కొంచెంగా దగ్గరికి లాక్కుని కణాన్ని విడిగా పట్టుకుంటాయని. నచ్చకపోతే వదిలేస్తాయి కూడా, మా వాడు ఉప్మాలో కరివేపాకు ఏరేసినట్టు. డయాటమ్ అనే వృక్షప్లవకానికి సిలికా పెంకు ఉంటుంది, అంటే దాదాపు గాజే. దాన్ని నలపడానికి చాలా కోపిపాడ్ల దవడ పళ్లకీ సిలికా తొడుగే!

ఇక కాలాల సంగతి. ఉత్తర అట్లాంటిక్‌లో చలికాలం వెలుతురు ఉండదు, తిండీ ఉండదు. అక్కడి కలానస్ అనే కోపిపాడ్ ఒంట్లో నూనె నింపుకుని వందల మీటర్ల లోతుకి దిగి నిద్రపోతుంది, వసంతంలో డయాటమ్లు విరగబూసే వేళకి పైకి వస్తుంది. మన బంగాళాఖాతంలో ఎండకి కొదవలేదు, కొరతల్లా పోషకాలకే. ఇక్కడివి ఏడాది పొడుగునా తింటూ, పిల్లల్ని కంటూ ఉంటాయి. వృక్షప్లవకాలు పలచబడితే నీళ్లలోని ఏకకణ జీవుల్నీ పట్టుకు తింటాయి.

తీరం దగ్గర ఆ పోషకాలు తెచ్చేవాటిలో ముఖ్యమైనవి నదులే. ఎగువన రాళ్లు అరిగి నీళ్లలో కలిసిన సిలికా కృష్ణలో కొట్టుకొచ్చి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది, బురద తేరుకుని వెలుతురు దిగాక దాంతోనే డయాటమ్లు పెంకులు కట్టుకుంటాయి. నా వాదనకి అడ్డమొచ్చే మాట కూడా చెప్పాలి కదా: నది నీళ్లు తేలిక, ఉప్పు నీళ్ల మీద మీగడలా పరుచుకుని అడుగునున్న పోషకాల్ని పైకి రానివ్వవు. అందుకే నడి సముద్రంలో బంగాళాఖాతం అరేబియా సముద్రంతో పోలిస్తే పేదది. కానీ మన తీరానికి నది తెచ్చేది వేరే లెక్క. ఇప్పుడు వచ్చే మట్టిలో చాలా భాగం శ్రీశైలం, సాగర్‌లలోనే ఆగిపోతోంది. 2001 తర్వాత వచ్చిన కరువు ఏళ్లలోనైతే కృష్ణ నుంచి సముద్రానికి దాదాపు ఏమీ పోలేదు. అప్పుడు ఆ వార్త చదివి ఎవరూ శోకాలు పెట్టలేదే? సముద్రం పాలంటాం గానీ, తీరంలోని ఆ ప్రాణులకి అవి నిజంగా పాలే.

ఇదంతా నిన్న రాత్రి అన్నాల దగ్గర బాబాయ్‌కి చెప్పాను. ఆయన కంచంలో వంకాయ, ఎండు నెత్తళ్ల కూర. "ఆ నెత్తళ్లు బతికింది ఈ కోపిపాడ్లు తినే బాబాయ్" అన్నా. "తినేటప్పుడు పురుగుల కబుర్లేంటమ్మా" అని ఇంకో గరిటె వేసుకున్నాడు.